నేను లేని ‘మేము’

బొంబాయి, దాదర్
14 ఏప్రిల్ 2002

షమీమ్,

గది దొరికింది. రెండో అంతస్తు. ఇంటావిడ మరాఠీ ఆవిడ, ఒంటరి మనిషి. చేపలకూర వండిన రోజు వంటింటి తలుపు మూసుకుని తింటుంది, వాసనకు నేను ఇబ్బంది పడతానని. నాకు చేపలంటే ఇష్టమని చెప్పడానికి వారం నుంచీ ధైర్యం కూడగట్టుకుంటున్నాను.

గదిలో రెండు ఇనుప మంచాలు. కిటికీ పక్కది నీది. అక్కణ్ణించి చూస్తే రైళ్ళు కనిపిస్తాయి. దాని మీద నా పుస్తకాలు పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను. పొద్దున లేవగానే కళ్ళు ముందు అటే పోతాయి.

అది ‘మన గది’ అని ఇంటావిడకు హిందీలో చెప్పబోయి ఆగిపోయాను. పదో తరగతి సెలవుల్లో మార్టూరులో మా నాన్న మనిద్దరినీ కూర్చోబెట్టి చెప్పిన పాఠం గుర్తుందిగా. “ఎదుటివాళ్ళను కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ప్రార్థనలో మా తండ్రీ అంటాం గానీ మన తండ్రీ అనం. ఎందుకు? దేవుడికి వేరే తండ్రి లేడు గనక.” కాన్వెంటు ఇంగ్లీషులో పడి మనం ఆ తేడా పోగొట్టుకుంటామని ఆయన బెంగ. హిందీలోనూ రెంటికీ ఒకటే మాట. అందుకని మంచం చూపించి నీ పేరు చెప్పి ఊరుకున్నాను. అప్పట్నించీ ఆవిడ రోజూ అడుగుతుంది: “నీ షమీమ్ ఎప్పుడొస్తుంది?”

జూన్ పదో తేదీలోగా నీ లైబ్రరీ సైన్సు కోర్సు దరఖాస్తు ఇచ్చెయ్యాలి. ఫారం ఇందులో పెట్టాను.

ఉద్యోగం సంగతి. మాది షేర్లు కొని అమ్మే ఆఫీసు. ఫార్మసీ చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి మందుల కంపెనీల నివేదికలు నాకిచ్చారు. మొదటిదే పెద్దది. క్యాన్సరుకు కొత్త రకం మందులు వస్తున్నాయి. పాత మందు ఒంట్లో త్వరగా పెరిగేదాన్నల్లా కొడుతుంది, అందుకే జుట్టు రాలుతుంది. కొత్తవి గురి చూసి ఒక్కదాన్నే కొడతాయి. ఆ గురి పెట్టడంలో పద్ధతులున్నాయి. ఏ పద్ధతి మీద డబ్బు పెడితే లాభమో మా ఖాతాదార్లకు నేను చెప్పాలి. ఆరు నెలల గడువు.

“మీ అమ్మకు చెప్పినట్టు రాయి” అన్నారు మా సార్. అమ్మ లేదని ఆయనకు చెప్పలేదు. నువ్వున్నావుగా. ముందు తెలుగులో నీకు రాస్తాను, నీకు అర్థమైతే ఇంగ్లీషులో పెడతాను. నా వ్యాసాలన్నీ నువ్వు దిద్దినవే కదా.

నీ
లిడియా


చిలకలూరిపేట
28 ఏప్రిల్ 2002

లిడియా,

ఉత్తరం గ్రంథాలయానికే వచ్చింది. ఇక ముందు కూడా ఇక్కడికే రాయి.

ఈ జూన్‌కు రాలేను. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. గ్రంథాలయంలో పెద్దాయన సెలవులో ఉన్నారు, తాళాలు నా దగ్గరే ఉన్నాయి. వచ్చే జూన్‌కు చూద్దాం. ఫారం దాచాను.

నీ నివేదిక పంపు. ఎర్ర పెన్సిలు చెక్కి పెట్టుకున్నాను.

మంచాల సంగతి నాన్నకు చదివి వినిపించాను. మిగతాదంతా విని ఆయన అడిగింది ఒక్కటే: “పరుపులున్నయ్యా?”

“స్పాంజివి ఉంటాయి నాన్నా.”

“స్పాంజి మీద పడుకున్నోడికి నడుమేం మిగులుద్ది? మీరా హుస్సేన్ కూతురు స్పాంజి మీద పడుకుందంటే దూదేకుల బజార్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

మంచం కొలతలు పంపమన్నాడు. పంపు. కాదంటే ఊరుకోడు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మిల్లుల ముందు లారీలు బారులు తీరాయి. నా చీర కొంగుకు ఎప్పుడూ ఎక్కడో ఒక దూది పోగు అంటుకుని ఉంటుంది. నీ పుస్తకాల్లో ఒకదాన్ని ఆ మంచం మీద పెట్టు. మరీ ఖాళీగా ఉంచకు.

షమీమ్


చిలకలూరిపేట
28 ఏప్రిల్ 2002
(పోస్టు చెయ్యనిది)

లిడియా,

అమ్మ మోకాళ్ళు బాగానే ఉన్నాయి. రోజూ మిరపకాయలు ఏరడానికి వెళ్ళొస్తోంది.

ఫిబ్రవరిలో గ్రంథాలయం మెట్లెక్కుతుంటే ఎడమ డొక్కలో ఏదో బరువుగా అనిపించింది. నాన్న గుంటూరు తీసుకెళ్ళాడు. రక్తం తీశారు. డాక్టరు కాగితం చూసి నన్ను వదిలేసి, “అమ్మాయితో ఎవరొచ్చారు?” అన్నాడు. నాకు అప్పుడే తెలిసింది.

రక్తంలో క్యాన్సరు. నెమ్మదిగా నడిచే రకమట. తెల్లకణాలు అవసరం లేకుండా పుడుతూ ఉంటాయి. వాటిని అదుపులో పెట్టడానికి రోజూ గొట్టం మందు, అదే క్యాప్సూలు, వేసుకుంటున్నాను. ఎన్నాళ్ళు అని నాన్న అడిగాడు. మూడేళ్ళు, నాలుగేళ్ళు, కొందరికి ఎక్కువ అన్నాడు డాక్టరు. తర్వాత, అడక్కుండానే, కిందటేడు అమెరికాలో ఒక మాత్ర వచ్చిందని, దానికి గురి తప్పదని చెప్పాడు. ధర కూడా చెప్పాడు. నెలకు లక్ష పైన. నాన్న “ఏడాదికా?” అని మళ్ళీ అడిగాడు.

మొన్న నీ ఉత్తరంలో ‘గురి’ అన్న మాట చూసి చాలాసేపు కాగితం మడిచి కూర్చున్నాను.

ఇది నీకు పంపితే నువ్వు ఉద్యోగం వదిలేసి వస్తావు. నా పక్కన కూర్చుని నా మొహం చూస్తుంటావు. నాకు అది వద్దు. నువ్వు ఇక్కడికి రావడం వద్దు. నాకు ఆ మంచం కావాలి.

షమీమ్


బొంబాయి, దాదర్
16 జూన్ 2002

షమీమ్,

పదో తేదీ వచ్చింది, పోయింది. నువ్వు రాలేదు. కోపంగా లేను, అనుకుంటాను.

మంచం: ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు. మన గదికి పరుపు కుడుతున్నందుకు మీ నాన్నకు నా నమస్కారం చెప్పు.

ఇక పద్ధతులు. మూడున్నాయి.

మొదటిది సూదిమందు. కొన్ని క్యాన్సరు కణాల పైన ఒక కొక్కెంలాంటిది ఎక్కువగా ఉంటుంది. ఈ మందు పోయి దాన్ని పట్టుకుంటుంది. రొమ్ము క్యాన్సరు వచ్చిన నలుగురైదుగురిలో ఒకరికి పనికొస్తుంది. దీన్ని రసాయనాలు కలిపి చెయ్యలేరు. ప్రాణమున్న కణాలను పెద్ద స్టీలు తొట్లలో పెంచి వాటి చేత చేయించాలి. అంటే పాడిపశువును మేపినట్టు. పక్కవాడు చూసి నకలు కొట్టడం కష్టం.

రెండోది మాత్ర. ఇది కణం లోపలికే పోతుంది. ఒక రకం రక్త క్యాన్సరులో, లోపల ఒక కుళాయి కట్టెయ్యడానికి వీల్లేకుండా తెరుచుకుని ఉంటుంది. ఈ మాత్ర పోయి దాన్ని కట్టేస్తుంది. పరీక్షల్లో వచ్చిన ఫలితాలు చూసి నేనే నమ్మలేదు, రెండుసార్లు చదివాను.

మూడోది మొదటిదానికి చెల్లెలు. సూదిమందుకే విషం కట్టి పంపడం. పోస్టుమాన్ లాంటిది. అడ్రసు చూసుకుని ఆ ఇంట్లోనే విషం ఇచ్చి రావాలి. తప్పు ఇంట్లో ఇస్తే ప్రమాదం. ఇంకా బాల్యంలో ఉంది.

అర్థమైందా? కానిచోట ఎర్ర పెన్సిలు పెట్టు. ఎవరి మీద డబ్బు పెడతావో కూడా చెప్పు, సరదాకి.

ఇంటావిడకు చేపల సంగతి ఇంకా చెప్పలేదు.

లిడియా


చిలకలూరిపేట
9 జూలై 2002

లిడియా,

మూడూ అర్థమయ్యాయి. ‘పాడిపశువు’ తీసెయ్యి, బొంబాయి వాళ్ళు నవ్వుతారు. పోస్టుమాన్‌ను ఉంచు.

రెండోదాని గురించి అమ్మతో మాట్లాడాను, వేరే మాటల్లో. మీ మార్టూరులో అంతా నల్లరాయి, నీకు కాయల సంగతి తెలీదు. కల్లంలో మిరపకాయలు ఎండబోశాక రంగు పోయి తెల్లబడ్డ కాయలు తేలతాయి. అవి తాలు. ఆడవాళ్ళు కూర్చుని ఏరతారు. పాత మందు కల్లానికి నిప్పు పెట్టి తాలు పోయిందనడం. నీ మాత్ర కూర్చుని ఏరడం. “ఇవాళ ఏరేస్తే రేపు రాదా?” అని అడిగాను. “కాయ ఉన్నన్నాళ్ళూ తాలు ఉంటది. ఏరతానే ఉండాల” అంది అమ్మ. ఆ మాత్ర కూడా అంతేనా? ఏరుతూనే ఉండాలా?

ఎందుకు అడుగుతున్నానంటే, అమ్మతో కాయలేరే అమీర్‌బీ అని ఒకావిడ ఉంది. ఆమెకు ఆ రకం రక్త క్యాన్సరే అన్నారట. మాత్ర ధర విని ఊరుకున్నారు. అది ఎప్పటికైనా తగ్గుతుందా? మీ ఆఫీసులో తెలుస్తుంది కదా.

పరుపు బయల్దేరింది. మన మిల్లు నూలు బొంబాయి పక్కన భివండికి వేసుకెళ్ళే లారీ డ్రైవరు బుడే నాన్నకు స్నేహితుడు. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వనని ఒట్టు వేశాడు. నాన్న తనే దూది ఏకి, తనే కుట్టాడు. కొత్త దూది. మిషను మీద కాదు, పాత విల్లు దించి దాంతో ఏకాడు. రెండు రోజులు ఇల్లంతా ఆ మోత. “మనిషి పోకముందు పరుపు పోవటం ఏందయ్యా?” అని అమ్మ అడిగితే, “పరుపు పోతే మనిషి అదే పోద్ది” అన్నాడు.

షమీమ్


బొంబాయి, దాదర్
18 ఆగస్టు 2002

షమీమ్,

పరుపు వచ్చింది. బుడే గారు రెండు అంతస్తులూ మోసుకొచ్చి, నా చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. మంచినీళ్ళు తాగి, “మా షమీమ్ కన్నా సన్నగా ఉన్నావే, ఇక్కడ అన్నం పెట్టరా?” అని కోప్పడి వెళ్ళారు.

మీ నాన్న కొలత తప్పారు. పొడవు సరే, వెడల్పు ఐదడుగులుంది. ఏ మంచానికీ పట్టదు. ప్రస్తుతానికి నా మంచం మీద సగం మడిచి వేసుకున్నాను. ఎత్తు మీద పడుకున్నట్టుంది. మీ ఇంటి వాసన వస్తోంది. అది నీకు చెప్పకూడదనుకున్నాను.

అమీర్‌బీ గారి ప్రశ్నకు జవాబు. అవును, ఏరుతూనే ఉండాలి. మాత్ర రోగాన్ని తుడిచెయ్యదు, అణచి ఉంచుతుంది. రోజూ వేసుకోవాలి. మా ఆఫీసు దృష్టిలో దాని అందమే అది. “మందు పనిచేస్తే మనిషి బతుకుతాడు, బతికినంతకాలం కొంటాడు. ఇంత నమ్మకమైన కొనుగోలుదారు ఏ వ్యాపారంలో దొరుకుతాడు?” అన్నారు సార్.

అయినా దాన్ని నేను మూడో స్థానంలో పెట్టబోతున్నాను. ఒకటి, ఆ రోగం వచ్చేవాళ్ళు తక్కువ. రెండు, మాత్ర చెయ్యడం తేలిక. మన దేశంలో పేటెంటు మందుకు కాదు, చేసే పద్ధతికే. ఇంకో పద్ధతిలో ఎవరైనా చేసుకోవచ్చు. ఏ రోజైనా నకలు రావచ్చు, వచ్చిన రోజున ధర కూలిపోతుంది. మొదటి స్థానం సూదిమందుది. విషపు పోస్టుమాన్‌కు రెండోది, ఓపిక ఉన్నవాళ్ళకు. చిత్తుప్రతి పంపిస్తున్నాను, దిద్దు.

ఒక మాట అడుగుతాను. నీకు పెళ్ళి కుదిరిందా? కుదిరితే చెప్పు. ఏమీ అనను. పరుపు పంపి నువ్వు రాకపోతే నేను వేరే ఏమనుకోవాలి? ఇంటావిడ అడగడం మానేసింది. అది ఇంకా కష్టంగా ఉంది.

లిడియా


చిలకలూరిపేట
12 సెప్టెంబరు 2002

లిడియా,

పెళ్ళి లేదు. సంబంధాలు చూడొద్దని నాన్నతో నేనే చెప్పాను.

పరుపు కొలత తప్పలేదు. నాన్నను అడిగితే, “మన గదికి అని రాసింది గదా ఆ పిల్ల. ఇద్దరు ఆడపిల్లలకి రెండు పరుపులేంది? మీ అమ్మ, పిన్నమ్మలు నలుగురూ ఒక పరుపు మీదే పెరిగారు” అన్నాడు. రెండున్నర, రెండున్నర, ఐదు. ఆయన లెక్క ఆయనది.

చిత్తుప్రతి దిద్ది పంపుతున్నాను. బాగుంది. నీ వాక్యాలు పొట్టివయ్యాయి. ఏడో పేజీలో ‘రోగి చనిపోయేదాకా కొంటాడు’ అని ఉంది. దాన్ని ‘బతికినన్నాళ్ళూ’ అని మార్చాను. అర్థం ఒకటే. మార్చితే బాగుంటుందనిపించింది. మాత్రను మూడో స్థానంలో పెట్టడం సరైనదే. నీ కారణాలు గట్టివి, కదపకు.

ఒకటి మాత్రం నువ్వు రాయలేదు. మేము ఈ మాత్ర రోజూ వేసుకుంటూ మధ్యలో కొన్నాళ్ళు కొనలేక ఆపితే ఏమవుతుంది? మళ్ళీ మొదలుపెడితే పనిచేస్తుందా? నకలు ఎప్పటికి రావచ్చు, నీ అంచనా ఏమిటి? ఏడాదా, రెండేళ్ళా?

ఇక్కడ వానలు సరిగా లేవు. పత్తి మొక్క మోకాలెత్తు కూడా రాలేదు.

షమీమ్


బొంబాయి, దాదర్
20 అక్టోబరు 2002

షమీమ్,

నీ ఉత్తరం చదివి, మడిచి, ఆఫీసుకు వెళ్ళాను. రైల్లో నిలబడ్డాక ఒక్క మాట పంటి కింద రాయిలా తగిలింది. తర్వాతి స్టేషన్లో దిగిపోయి బల్ల మీద కూర్చుని మళ్ళీ చదివాను.

‘మేము ఈ మాత్ర రోజూ వేసుకుంటూ.’

అమీర్‌బీ గారి మాటగా రాసి ఉంటావనుకున్నాను. కానీ నువ్వు కామా కూడా తప్పు పెట్టవు. పోనీ, చెయ్యి జారింది అనుకున్నాను. ఆరో తరగతి నుంచి ఇప్పటిదాకా నాకు రాసిన ఏ ఉత్తరంలోనూ నువ్వు ‘మేము’ అనలేదు షమీమ్. నీ లారీలు, నీ మిల్లు కూడా నాతో అంటే మనవే. ‘మన మిల్లు నూలు’ అని జూలైలో రాశావు. నన్ను వదిలేసి నువ్వొక్కదానివి వెళ్ళి నిలబడ్డ ‘మేము’ ఏమిటి? అందులో ఎవరున్నారు?

నాన్నకు ఫోను చేశాను. ఆయన మర్నాడే మార్టూరు నుంచి బస్సెక్కి పేటకు వెళ్ళారు. ముందు అమీర్‌బీ గారి ఇల్లు కనుక్కున్నారు. ఆయన నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“ఒంట్లో ఎట్లా ఉందమ్మా?” అన్నారట.

“ఎవరి ఒంట్లో?”

“నీ ఒంట్లోనే.”

“నాకేం రోగం మాస్టారూ, రోగాలే నన్ను చూసి పక్క బజారుకు పోతయ్. కూర్చో, టీ తాగు. నాకు రోగమని ఎవడన్నాడు? పేరు చెప్పు.”

నాన్న పేరు చెప్పలేదు. టీ తాగి గ్రంథాలయానికి వచ్చారు. నువ్వు కిటికీ దగ్గర చదువుకుంటున్నావట. ఆయన గుమ్మంలోంచి చూసి లోపలికి రాలేదు. నీ జబ్బలు చూశానన్నారు. అంతకంటే చెప్పలేకపోయారు. మా నాన్న, వాక్యం సగంలో వదిలితే బెత్తం తీసే మనిషి.

మధ్యలో ఆపకూడదు. ఆపితే కుళాయి మళ్ళీ తెరుచుకుంటుంది. నీ ప్రశ్నకు జవాబు ఇది. ఇక నా ప్రశ్నకు నువ్వు జవాబివ్వు.

లిడియా


చిలకలూరిపేట
30 అక్టోబరు 2002

లిడియా,

ఏప్రిల్లో రాసి పంపని ఉత్తరం ఒకటి ఉంది. ఇందులో పెట్టాను. అదే జవాబు.

అమీర్‌బీ పిన్నమ్మ మా ఇంటి ముందుకొచ్చి కేకలేసింది, తనకు రోగం అంటగట్టింది ఎవరని. నేనేనని చెప్పాను. ఎందుకని అడిగింది. చెప్పాను. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడటం మా బజారు మొదటిసారి చూసింది. “పోనీలే, నా పేరు వాడుకో. రోగం నా పేరు మీదే ఉంచు, నీ దగ్గరకు రాకుండా పోద్దేమో” అని వెళ్ళింది.

నువ్వు ఏడుస్తూ నీ నివేదికను తిట్టుకుంటుంటావు. వద్దు. నేను చెప్పేది విను. ఫిబ్రవరి నుంచి నాతో మాట్లాడే ప్రతి మనిషీ ముందు నా మొహం చూసి, తర్వాత మాట మార్చుకుంటున్నారు. డాక్టరు, అమ్మ, మందుల షాపు అతను, అందరూ. నీ నివేదిక నా మొహం చూడలేదు. ఎంతమందికి వస్తుంది, ఎన్నేళ్ళు బతుకుతారు, ఎంత కొంటారు అని తిన్నగా చెప్పింది. అందులో నేను జాలిపడాల్సిన మనిషిని కాను, నమ్మకమైన కొనుగోలుదారుని. అది చదివిన రోజున అన్నం సయించింది.

‘మేము’ అని కావాలని రాయలేదు. గుంటూరు ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చునేవాళ్ళం ఆరేడుగురం ఉన్నాం. ఒంగోలు నుంచి ఒక బడిపంతులు, నరసరావుపేట నుంచి ఒక చంటిపిల్లల తల్లి. అందరిదీ అదే కాగితం. పేర్లు కూడా సరిగా తెలీవు. అయినా చెయ్యి అలాగే రాసింది. అందులోకి నిన్ను పిలవలేను కదా.

ఇక్కడికి రాకు. ఆ మంచం ఖాళీగా ఉందని తెలిస్తే చాలు నాకు. ఎవరికీ ఇవ్వకు.

షమీమ్


బొంబాయి, దాదర్
15 డిసెంబరు 2002

షమీమ్,

రాలేదు. నువ్వు వద్దన్నావని. పోయిన నెలలో రెండుసార్లు టికెట్టు వరుసలో నిలబడి, నా వంతు వచ్చేసరికి పక్కకు తప్పుకున్నాను. ఇది నువ్వు ఎప్పటికైనా నాకు బాకీ.

నివేదిక అచ్చయింది. మాత్రది మూడో స్థానమే. మార్చలేదు. మారుద్దామని ఒకరోజంతా కూర్చున్నాను, ఒక్క కారణమూ దొరకలేదు. అక్కడ రాసినవన్నీ నిజం. ఏడో పేజీలో ‘బతికినన్నాళ్ళూ’ అనే ఉంది. సార్ దాన్ని కొట్టేసి పాతమాట పెట్టబోయారు. అది ఉండాలి సార్ అన్నాను. ఆయన నా వంక ఆశ్చర్యంగా చూశారు. ఆఫీసులో నా గొంతు విన్నది అదే మొదటిసారి అనుకుంటాను.

దాదర్‌లో చిన్న చర్చి ఉంది. ఆదివారాలు వెళ్తున్నాను. నేను అడిగేది దేవుడికి విచిత్రంగా ఉంటుందేమో. నేను రాసిన ప్రమాదం నిజం కావాలి అంటాను. ఎవడో ఒకడు ఇంకో పద్ధతిలో ఆ మాత్ర చెయ్యాలి, ధర కూలిపోవాలి, నా మాట విని దూరంగా ఉన్న ఖాతాదార్లంతా నన్ను మెచ్చుకోవాలి. ఏ లోపం చూపించి దాన్ని కిందకు తోశానో ఆ లోపం కోసమే మోకాళ్ళ మీద ఉంటున్నాను.

కనుక్కుంటున్నాను. మన దేశంలో ఇద్దరు ముగ్గురు ప్రయత్నిస్తున్నారని పత్రికల్లోనే వచ్చింది. ఎప్పుడో తెలీదు. తెలిసీ దాస్తున్నానని అనుకోకు, ఇక మన మధ్య దాపరికం వద్దు. నువ్వు గొట్టం మందు మానకు. తెల్లకణాల లెక్క ప్రతి నెలా నాకు రాయి.

ఇంటావిడకు చెప్పాను, చేపల సంగతి కాదు, నీ సంగతి. ఆ రోజు వంటింటి తలుపు తెరిచే ఉంచి చేపలకూర వండింది. వచ్చి చూస్తే రెండు పళ్ళేలు పెట్టి ఉన్నాయి.

లిడియా


చిలకలూరిపేట
23 మార్చి 2003

లిడియా,

వచ్చింది.

గుంటూరు డాక్టరు కబురు చేస్తే నాన్న, నేను వెళ్ళాం. మన దేశంలోనే చేసిన మాత్ర. ధర పాతదానిలో పదో వంతు కూడా లేదు. నాన్న పనిచేసి, నేను పనిచేస్తే సరిపోయేంత. నాన్న డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, “నకలా?” అన్నాడు. డాక్టరు, “మందు అదేనండి, చేసినవాళ్ళు వేరు” అన్నాడు. నాన్న, “మా పరుపుల్లోనూ అంతే లెండి” అన్నాడు. వరండా బల్ల మీద ఒంగోలు పంతులుగారు అందరికీ బెల్లం జీళ్ళు పంచారు. నరసరావుపేట అమ్మాయి లేదు. జనవరిలో పోయిందట. ఆమె పేరు కమల. పేరు ఆ రోజే తెలిసింది.

మూడు వారాల నుంచీ వేసుకుంటున్నాను, రోజుకు నాలుగు, అన్నం తిన్నాక. కళ్ళ కింద కొంచెం ఉబ్బు. పిక్కలు పట్టేస్తున్నాయి. తెల్లకణాలు లక్షా ఇరవై వేల నుంచి తొమ్మిది వేలకు దిగాయి. అది మామూలు మనిషి లెక్క. డాక్టరు కాగితం చూసి ఈసారి నాతోనే మాట్లాడాడు.

ఎన్నేళ్ళు పనిచేస్తుందో ఆయనకూ తెలీదు. మందు పుట్టి రెండేళ్ళే కదా అన్నాడు. ఏరుతూనే ఉండాలి. ఉంటాను.

దాచిన ఫారం తీశాను. పోయినేటిది, తేదీ కొట్టేసి రాస్తే ఒప్పుకుంటారా? నెలకొకసారి రక్తపరీక్ష అక్కడ ఎక్కడ చేయించుకోవాలో కనుక్కో. పరుపు విప్పి ఎండలో వెయ్యి. దూది ఎండ తగలకపోతే గడ్డ కడుతుంది, నాన్న మరీ మరీ చెప్పమన్నాడు.

ఒక సందేహం. మంచాలు రెండున్నర అడుగులవి, పరుపు ఐదు. మనం దాన్ని ఎలా వేసుకోబోతున్నాం?

షమీమ్


బొంబాయి, దాదర్
4 మే 2003

షమీమ్,

కొత్త ఫారం పంపుతున్నాను. కొట్టివేతలు ఒప్పుకోరట. పరీక్ష చేసే చోటు మన వీధి చివరే ఉంది, నడిచి పోవచ్చు.

నీ ఉత్తరం చివరి వాక్యం నాన్నకు ఫోనులో చదివాను. “సర్వనామం సరిగ్గా ఉంది” అన్నారు. నీకు నూటికి నూరు వేశానని చెప్పమన్నారు.

పరుపును డాబా మీద మూడు రోజులు ఎండబెట్టాను. మోయడానికి ఇంటావిడ కూడా ఒక చెయ్యి పట్టింది. దింపాక రెండు మంచాలూ కిటికీ వైపుకు జరిపి కలిపేశాను. ఐదడుగులు. పరుపు అంచుకు అంచు సరిపోయింది. మంచాల మధ్య ఇనుప కమ్మీ తగులుతుందేమోనని పడుకుని చూశాను. తగల్లేదు. మీ నాన్న అక్కడ దూది ఒత్తుగా పెట్టారు. కుట్టేటప్పుడే ఆయనకు తెలుసన్నమాట, అక్కడ రెండు మంచాలు కలుస్తాయని.

ఇంకొకటి. మరాఠీలోనూ తెలుగులాగే రెండు మాటలున్నాయట. ఇంతకాలం ఆవిడతో హిందీలో మాట్లాడి నేను కనిపెట్టలేదు. ‘ఆమ్చీ’ అంటే మా, ‘ఆప్లీ’ అంటే మన. నిన్న పరుపు మీద దుప్పటి పరుస్తుంటే గుమ్మంలో నిలబడి, చాలా నెలల తర్వాత మళ్ళీ అడిగింది. ఈసారి ‘నీ షమీమ్’ అనలేదు.

“ఆప్లీ షమీమ్ ఎప్పుడొస్తుంది?” అంది.

జూన్ ఏడున, అని చెప్పాను. కిటికీ వైపు సగం ఖాళీగా ఉంచే పడుకుంటున్నాను.

లిడియా